సొర తిరిగే చోటే వల
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను, కరువు భత్యం గురించి మాట్లాడవలసిన చోట సొరచేపల గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు నవ్వి, పది నిమిషాలు ఇచ్చారు. అవే చాలు.

మన తీరప్రాంతంలో బాలింతలకు సొరపిట్టు పెట్టడం ఆనవాయితీ. ఆ సొర ఎలా వలలో పడిందని ఎవరమూ అడగం. పనిగట్టుకుని వేటాడి తెచ్చేది కొంతే. మిగిలింది రొయ్యల కోసమో, ట్యూనా కోసమో వేసిన వలకీ గాలానికీ తగులుకుని వచ్చేదే.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. సముద్రమంతా ఒకేలా ఉండదు. చల్లటి నీరు, వెచ్చటి నీరు కలిసేచోట మేత దండిగా ఉంటుంది. అక్కడికి చిన్న చేపలు, వాటి వెంట ట్యూనా, దాని వెంట సొర చేరతాయి. అదే ట్యూనా కోసం ఓడలూ అక్కడికే పోయి, మైళ్ళ పొడవు తాడుకు వందలు, వేలు గాలాలు కట్టి వదులుతాయి. ఇద్దరికీ ఒకటే వంటిల్లు అన్నమాట!

2019లో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఉపగ్రహ పరికరాలు అమర్చిన పదిహేను వందలకు పైగా సొరల దారులను, ఈ గాలాల ఓడల దారులతో పోల్చి చూశారు. సొరలు తిరిగే ప్రాంతంలో నెలకు సగటున 24 శాతం ఓడల వేటలోనే ఉందని తేలింది. మార్కెట్లో విలువున్న సొరలు గుమిగూడే చోట్ల ఇది 76 శాతం దాకా పోయింది. అంతర్జాతీయ రక్షణ ఉన్న జాతులకైతే 64 శాతం దాకా! ఈ చివరి అంకె దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. కాగితం మీద రక్షణ ఉంది, నీళ్ళలో గాలం ఉంది.

చేపే కదా, మళ్ళీ పుడుతుందిలే అనుకోవద్దు. మిగతా చేపలు లక్షల గుడ్లు పెడతాయి. చాలా జాతుల సొరలు మాత్రం నెలల తరబడి కడుపుతో ఉండి కొన్ని పిల్లలనే కంటాయి. మాకో అనే సొర ఆడది ఈడుకు రావడానికే పద్దెనిమిదేళ్ళు, ఇరవయ్యేళ్ళు పడుతుంది. మనలో కొందరికి ప్రమోషన్ కూడా ఇంతకంటే ముందే వచ్చింది. బహిరంగ సముద్రపు సొరలు, టేకి చేపలు 1970 నుంచి 71 శాతం తగ్గాయని 2021లో లెక్క తేలిందంటే ఆశ్చర్యమేముంది?

మన దేశం 2001లో తిమింగల సొరను వన్యప్రాణి రక్షణ చట్టంలో చేర్చింది. 2015లో సొర రెక్కల ఎగుమతిని నిషేధించింది. మంచి పనులే. కానీ ట్రాలు వలకు చట్టం చదవడం రాదు. గంటల తరబడి ఈడ్చి పైకి తీసేసరికి చాలావరకు చచ్చే ఉంటాయి. నా ఉద్దేశంలో అదుపు చేయవలసింది చోటునీ, కాలాన్నీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు 61 రోజుల వేట విరామం మన తీరంలో ఎలాగూ ఉంది. అలాగే సొరలు పిల్లల్ని పెట్టే చోట్లు గుర్తించి, ఆ నెలల్లో వాటిని వదిలేయాలి.

అయితే నష్టం ఎవరు భరించాలి? డీజిలుకూ ఐసుకూ అప్పుచేసి సముద్రం మీదికి పోయే కళాసీ భరించాలా? గుజరాత్‌లో 2004లో తిమింగల సొర కోసం ప్రచారం మొదలయ్యాక జాలర్లు తమ వలలు కోసి దాన్ని విడిచిపెట్టారు. కోసిన వలకు అటవీశాఖ పరిహారమిచ్చింది. 2021 డిసెంబరులో మన విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకు చిక్కిన తిమింగల సొరను కూడా అధికారులతో కలిసి జాలర్లే మళ్ళీ సముద్రంలోకి నడిపించారు. వాళ్ళకు మనసు లేక కాదు. వల ఖరీదు ఇచ్చేవాళ్ళు కావాలి.