గీతపలకపై మన అక్షరం
(కిన్వట్‌లో సరిహద్దు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భాషా హక్కుల సభలో రాజ్యాంగం గురించీ, బడుల గురించీ, వినతిపత్రాల గురించీ మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈరోజు నేను ఎంచుకున్న విషయం వేరు. కంప్యూటరుకు తగిలించి బొమ్మలు గీసే ఒక పలక గురించి, దాన్ని సరిగా అమర్చుకొనే పద్ధతి గురించి చెప్పబోతున్నాను. బజారులో దాన్ని డ్రాయింగ్ టాబ్లెట్ అంటారు. మనం గీతపలక అందాం. పలకా బలపం పట్టి ఓనమాలు దిద్దినవారికి ఆ పేరు కొత్తగా ఉండదు.

దీనికీ మన భాషకూ సంబంధమేమిటో ముందుగా మనవి చేస్తాను. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ అమలులోకి వచ్చినప్పుడు, ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్, రాజురా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ హైదరాబాదు రాష్ట్రం నుంచి బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లాయి. 1960 మే 1న అవి మహారాష్ట్రలో భాగమయ్యాయి. మన ఊళ్లు ఉన్నచోటనే ఉన్నాయి, హద్దు మారింది. అదే 1956లో రాజ్యాంగానికి ఏడవ సవరణ జరిగి 350ఎ అధికరణం చేరింది. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని ఆ అధికరణం చెబుతుంది. దానిని మనం అడుగుతూనే ఉండాలి. అయితే మన వినతిపత్రం ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి చేరేలోగా ఐదేళ్ల బిడ్డ పదేళ్లదవుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో మరాఠీ చదువుతూ, తెలుగు అక్షరాన్ని చూసి గుర్తుపట్టలేని పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. మరాఠీ నేర్వడం వారికి అవసరం, అది వారికి బలం కూడా. తల్లి మాటకు లిపి లేకుండా పోవడమే మన బాధ.

ఆ బిడ్డ చేతికి ఇవ్వడానికి హైదరాబాదు నుంచి అక్షరమాల పుస్తకం తెస్తాం. అందులో 'ఓ' అంటే ఓడ. పెన్‌గంగలో ఓడ తిరగదు. మన బిడ్డకు తెలిసినవి ఇప్పపువ్వు, టేకుచెట్టు, గొంగడి, మక్కలు, ఎడ్లబండి, సహస్రకుండ్ జలపాతం, దీపావళి ముందు గోండు గూడేలలో మొదలయ్యే దండారి. 'ఇ' పక్కన ఇప్పపువ్వు, 'ట' పక్కన టేకు, 'ప' పక్కన పెన్‌గంగ ఉన్న పుస్తకాన్ని ఎక్కడో ఉన్న ప్రచురణకర్త మనకోసం అచ్చువేస్తాడని ఎదురుచూడనవసరం లేదు. దానిని మనమే చేసుకోవచ్చు. కొన్ని వేల రూపాయలకు దొరికే చిన్న గీతపలక, ఇంట్లోనో బడిలోనో ఉన్న ఒక కంప్యూటరు, ఉచితంగా లభించే క్రిటా అనే చిత్రలేఖన కార్యక్రమం చాలు.

కంప్యూటరులో తెలుగు అక్షరాలున్నాయి కదా, మళ్లీ చేత్తో గీయడమెందుకని కొందరు అడుగుతారు. పాఠం రాయడానికి యూనికోడ్ ఫాంటే వాడాలి, అందులో సందేహం లేదు. కానీ బొమ్మ చేత్తోనే పుట్టాలి. బిడ్డ దిద్దుకొనే పెద్ద అక్షరమూ చేతిగీతలో ఉంటేనే మేలు. దేవనాగరి అక్షరం శిరోరేఖకు వేలాడుతుంది. మన అక్షరం గుండ్రంగా తిరిగి తలకట్టు తొడుక్కుంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు తిప్పాలో, ఎక్కడ ఆపాలో అచ్చుఫాంటు చెప్పదు. బాపు గీతను తలచుకోండి. ఆయన గీతలో అందమంతా ఒకచోట సన్నబడి మరోచోట బరువెక్కడంలో ఉంది. ఆయన చేతిరాతను పోలిన ఫాంటు తెలుగు అచ్చులో అంతగా ప్రచారం పొందడానికి కారణమూ ఆ జీవమే. మామూలు మౌసుతో గీస్తే గీత మొదటి నుంచి చివరి దాకా తీగలాగా ఒకే మందంలో ఉంటుంది. ఒత్తిడిని గుర్తించే కలంతో గీస్తే చెయ్యి బరువును బట్టి గీత మారుతుంది.

ఇది ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెబుతాను. పలక లోపల సన్నని తీగల వల ఉంటుంది. అది విద్యుదయస్కాంత సంకేతాలను పంపుతుంది. కలంలోని తీగచుట్ట ఆ శక్తిని అందుకొని బదులు పలుకుతుంది. అందుకే ఈ తరహా కలాలకు బ్యాటరీ అక్కరలేదు. 1983లో జపానులో మొదలైన వాకామ్ సంస్థ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. ఇప్పుడు హ్యూయాన్, ఎక్స్‌పీ పెన్ వంటి సంస్థల పలకలూ దొరుకుతున్నాయి. పెట్టెమీద 2048 అనో 8192 అనో రాసి ఉంటుంది. అది కలం గుర్తించగల ఒత్తిడి మెట్ల సంఖ్య. ఆ అంకె పెద్దదైనంత మాత్రాన బొమ్మ బాగుపడదు. మన పనికి 2048 ధారాళంగా సరిపోతుంది. తెర లేని పలక చాలు, దాని వెల తక్కువ. చెయ్యి బల్లమీద, చూపు తెరమీద ఉండడం మొదట్లో తికమకగా ఉంటుంది. రోజూ కొంతసేపు గీస్తే కొద్ది రోజుల్లో అలవాటవుతుంది.

ఇక అమర్చుకొనే క్రమం వినండి.

మొదటిది డ్రైవరు. కంప్యూటరులో పూర్వం వేరే కంపెనీ పలక డ్రైవరు ఉంటే దాన్ని తొలగించి, యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టి, ఆ తరువాతనే కొత్తది ఎక్కించాలి. రెండు డ్రైవర్లు ఒకేచోట ఉంటే ఒకదానికొకటి అడ్డుపడతాయి. కలం కదులుతుంది కానీ ఒత్తిడి అందదు.

రెండవది పలక కొలత. ఇది తెలుగువారు తప్పక సరిచూసుకోవలసిన విషయం. చాలా చిన్న పలకల వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16కు 10. చాలా కంప్యూటరు తెరలది 16కు 9. పలక మొత్తాన్నీ తెర మొత్తానికీ సాగదీసి జతచేస్తే ప్రతి వృత్తమూ దాదాపు 11 శాతం అడ్డంగా సాగుతుంది. ముక్కోణాల లిపికైతే అది అంతగా తెలియదు. సున్న, ఠ, ర, ద వంటి గుండ్రని అక్షరాలున్న మన లిపికి వెంటనే తెలుస్తుంది. డ్రైవరు అమరికలో నిష్పత్తిని నిలిపి ఉంచే ఎంపిక ఉంటుంది. దాన్ని పెట్టుకోండి. పరీక్షించడానికి పెద్ద పరికరమేమీ అక్కరలేదు. ఒక మట్టిగాజును పలకపై పెట్టి, దాని లోపలి అంచు వెంట కలాన్ని తిప్పండి. తెరమీద గుండ్రంగా వస్తే అమరిక సరిపోయినట్టే. కోడిగుడ్డులాగా వస్తే మళ్లీ సరిచేయాలి.

మూడవది ఒత్తిడి. గీత ఒకే మందంలో వస్తోందంటే కంగారుపడి పలకను దుకాణానికి తిప్పి పంపకండి. ముందు కుంచెను చూడండి. కొన్ని కుంచెలు ఒత్తిడిని పట్టించుకోనివే. అది కాకపోతే క్రిటా అమరికల్లో టాబ్లెట్ విభాగంలోకి వెళ్లి అక్కడి పరీక్ష పలకలో గీసి చూడండి. విండోసులో ఒత్తిడి రెండు దారుల్లో వస్తుంది: ఒకటి విన్‌టాబ్, రెండవది విండోస్ ఇంక్. డ్రైవరులో ఏ దారి ఉందో క్రిటాలోనూ అదే ఉండాలి. మార్చిన తరువాత క్రిటాను మూసి మళ్లీ తెరవాలి. కలాన్ని నొక్కిపట్టినప్పుడు తెరమీద చిన్న వలయం కనబడి చుక్క ఆలస్యంగా పడుతుంటే, విండోసు కలం అమరికల్లో నొక్కిపడితే కుడి క్లిక్ అయ్యే ఏర్పాటును తీసివేయాలి.

నాలుగవది ఒత్తిడి వంపు. అదే టాబ్లెట్ విభాగంలో ఒక చిన్న పటం ఉంటుంది. పొలం పనిచేసే పెద్దవారి చెయ్యి బరువు వేరు, ఏడేళ్ల పిల్ల చెయ్యి బరువు వేరు. పిల్ల గీసేటప్పుడు ఆ వంపును పైకి లాగితే తేలికగా నొక్కినా గీత నిండుగా వస్తుంది. గట్టిగా నొక్కే అలవాటున్నవారు దాన్ని కిందికి దించుకోవాలి. ఒకే పలకను ఇంటిల్లిపాదీ వాడినప్పుడు ఎవరి వంపు వారిదని గుర్తుంచుకోండి. పిల్ల గీత బాగా రాకపోతే ఆ లోపం పిల్లది కాకపోవచ్చు, అమరికది కావచ్చు.

ఐదవది మన అచ్చు వసతి. మన పుస్తకం మొదట వెళ్లేది పెద్ద ముద్రణాలయానికి కాదు, బజారులోని జెరాక్స్ దుకాణానికి. జెరాక్స్ యంత్రం నలుపును బాగా పట్టుకుంటుంది, బూడిదరంగును మచ్చలు మచ్చలుగా చేస్తుంది. కాబట్టి ఒత్తిడితో గీత మందం మాత్రమే మారే కుంచెను ఎంచుకోండి. ఒత్తిడితో రంగు పలుచబడే కుంచె రంగుల అచ్చుకే పనికివస్తుంది. బొమ్మ మొదలుపెట్టకముందే అంగుళానికి 300 చుక్కల సాంద్రత పెట్టుకోవాలి. ఎ4 కాగితానికి అది 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల ఎత్తు. చిన్నగా గీసి తరువాత పెంచితే అంచులు మెట్లుమెట్లుగా కనబడతాయి.

ఇప్పుడు పుస్తకం లెక్క చూద్దాం. ఒక ఎ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పుటలు. నాలుగు కాగితాలను రెండువైపులా అచ్చువేసి, మడిచి, మధ్యలో పిన్ను కొడితే 16 పుటలు. మన వర్ణమాలను సంప్రదాయ లెక్కలో 56 అక్షరాలంటారు. పుటకు నాలుగు చొప్పున 14 పుటలు. ముందు అట్ట, వెనక అట్ట కలిపితే సరిగ్గా 16. ఒక బిడ్డకు ఒక పుస్తకం అంటే నాలుగు కాగితాలు.

క్రిటాలో పొరలనే సౌకర్యం ఉంది. బొమ్మ ఒక పొరమీద, తెలుగు మాట వేరొక పొరమీద, మరాఠీ మాట ఇంకొక పొరమీద ఉంచవచ్చు. కావలసిన పొరను చూపి మిగిలినవాటిని దాచి అచ్చు తీయవచ్చు. ఈ ఆలోచన మనకు పాతదే. 1947 జూలైలో తెలుగు, తమిళాలలో మొదలైన చందమామ 1952లో చాందోబా పేరుతో మరాఠీ పిల్లలకూ చేరింది. బొమ్మలు అవే, భాష ఆ ఇంటిది. మన ఇప్పపువ్వు బొమ్మ కింద మరాఠీ మాట, గోండీ మాట కూడా ఉంటే ఇరుగుపొరుగు పిల్లలూ ఆ పుస్తకాన్ని పట్టుకుంటారు. మన హక్కును అడగడానికి పక్కవారి భాషను తగ్గించనవసరం లేదు.

అవ్వలు, అమ్మలు కాగితంమీద వేసిన ముగ్గునూ వదలకండి. ఆ పలుచని కాగితాన్ని పలకపై పరచి, దాని మీదుగా కలాన్ని నడిపితే గీతలు కంప్యూటరులోకి ఎక్కుతాయి. కలం పలకను ముట్టనవసరం లేదు, దగ్గరగా ఉంటే చాలు. కాగితం గరుకైతే ప్లాస్టిక్ పాళీ త్వరగా అరుగుతుంది. కొన్నప్పుడే పెట్టెలో అదనపు పాళీలున్నాయో లేదో చూసుకోండి. 2021 డిసెంబరులో వచ్చిన క్రిటా 5.0 నుంచి గీసే క్రమాన్ని వీడియోగా దాచుకొనే సౌకర్యం కూడా ఉంది. 'అ' ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో అక్క గీసి దాచితే, ఊరూరా పిల్లలు ఫోనులో చూసి దిద్దుకోగలరు.

మన పొరుగున జరిగిన ఒక సంగతి చెప్పి ముగిస్తాను. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలంలో గుంజాల అనే గ్రామం ఉంది. గోండీ భాషకు చెందిన ప్రత్యేక లిపిలోని రాతప్రతులు అక్కడ 2006లో బయటి లోకానికి తెలిశాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య జయధీర్ తిరుమలరావు తదితరులు వాటిపై పరిశోధన చేశారు. ఆ లిపిని చదవగల పెద్దలు అప్పటికి కొద్దిమందే. ఆ అక్షరాలకు కంప్యూటరు రూపం వచ్చింది, వాచకం వచ్చింది. 2018 జూన్‌లో యూనికోడ్ 11వ సంచికలో గుంజాల గోండీ లిపికి స్థానం దొరికింది. కొద్దిమంది చేతుల్లో మిగిలిన లిపి ఇప్పుడు ప్రపంచంలోని ఏ కంప్యూటరులోనైనా నిలవగలదు. మన లిపి 1991లో వచ్చిన తొలి యూనికోడ్ సంచికలోనే ఉంది. కోట్లమంది రాస్తున్నారు. అయినా మన ఇంట్లోని బిడ్డకు అది రాకపోతే ఆ కోట్ల లెక్క ఆ బిడ్డకు ఏమి ఉపకరిస్తుంది?

కాబట్టి నా విన్నపం ఇది. ప్రతి గ్రామంలో నాలుగు కుటుంబాలు కలిసి ఒక గీతపలక కొనండి. దాని ముందు మాట చెప్పే పెద్దవారు, బొమ్మ గీసే బిడ్డ, అక్షరం సరిచూసే అక్క కూర్చోవాలి. మన యాసలోని మాటనే పుస్తకంలో పెట్టండి. ఆనిగెపుకాయ అనేవారు ఆనిగెపుకాయ అనే రాయండి, సొరకాయ అని దిద్దకండి. మూల చిత్రాలను రెండుచోట్ల భద్రపరచండి, కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. తయారైన పుస్తకాన్ని పక్క ఊరికి ఇవ్వండి, వారిది మీరు తెచ్చుకోండి. వినతిపత్రంతోపాటు ఆ పుస్తకాన్ని కూడా అధికారి బల్లమీద పెట్టండి. ఇక్కడ తెలుగు చదివే పిల్లలెక్కడున్నారని ఆయన అడిగితే, ఆ పుస్తకంలో బొమ్మ కింద బిడ్డ తెలుగులో రాసుకున్న పేరును చూపించండి.