కూరకు స్నేహం తోడు కావాలి
(పార్వతీపురంలో అన్నదాతల సమావేశమున చేసిన ప్రసంగపాఠం)



సంస్కృతంలో ‘స్నేహ’ శబ్దానికి రెండర్థాలు ఉన్నవి. ఒకటి ప్రేమ, రెండవది నెయ్యి, నూనె వంటి జిడ్డు పదార్థం. ఈ రెండూ కొరవడి ఒక బాలునికి జరిగిన అపచారాన్ని నేడు మీ ముందు విన్నవించుకొంటున్నాను.

నలభై ఏళ్ల క్రిందట ఈ పట్టణంలో నేను పాఠం చెప్పే రోజులలో, కురుపాం వైపు కొండపల్లె నుండి వచ్చిన ఎనిమిదేళ్ల విద్యార్థి ఒకడు ఉండేవాడు. పగలు చురుకైనవాడు, దీపాలు పెట్టే వేళకు గోడలు తడుముకొనేవాడు. ఒక సాయంకాలం బిందె తన్నుకొని పడిపోగా, చదువు తప్పించుకొనే నటన అనుకొని దండించాను. వంట చేసే ముసలమ్మ అడ్డు వచ్చి, “కొట్టకండి బాబూ, ఆడికి రేచీకటి” అన్నది. వైద్యుడూ అదే చెప్పి మందు ఇచ్చాడు. కొద్దిరోజులలో బాలుని చూపు కుదుటపడినది. నా సిగ్గు మాత్రం నేటికీ పోలేదు. సుశ్రుతసంహితలో ఈ వ్యాధికి మేక కాలేయం ఔషధంగా ఉన్నదని చదివినవాడినే నేను!

కాలేయమే ఎందుకు? శరీరంలో ‘ఎ’ విటమిను ప్రధానంగా నిలువ ఉండేది అక్కడే. ఎ, డి, ఇ, కె విటమినులు కొవ్వులో కరిగేవి. ‘ఎ’ చూపునకు, ‘డి’ ఎముకలకు, ‘ఇ’ కణరక్షణకు, ‘కె’ రక్తం గడ్డకట్టడానికి అవసరం. మునగాకు, తోటకూర, గుమ్మడి, బొప్పాయిలలోని కెరోటిన్‌ను శరీరం ‘ఎ’గా మార్చుకొంటుంది. అయితే భోజనంలో కొంత నూనె లేనిదే అది సరిగా ఒంటబట్టదు. ఆనాటి మా వంటశాలలో ఆకుకూర వట్టి నీళ్లలోనే ఉడికేది.

1970లో మన దేశంలో పసిపిల్లల అంధత్వ నివారణకు ‘ఎ’ విటమిను పంపిణీ మొదలైనది. తొమ్మిదవ నెలలో లక్ష యూనిట్లు, అటుపై ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్లు ఇస్తారు. తల్లులారా, ఆ మోతాదులను తప్పించవద్దు. అలాగని ఈ విటమినుల మాత్రలను సొంతంగా మింగవద్దు; ఎక్కువైనవి సులభంగా బయటికి పోక శరీరంలో పేరుకొంటవి. ముఖ్యంగా గర్భిణులకు ‘ఎ’ అధికమైతే శిశువునకు హాని.

దాతలకు ఒక్క విన్నపం. అన్నదానంలో మిఠాయి ఒకటి తగ్గినా లోపం లేదు; మునగాకు పప్పు, దానిపై చెంచాడు నూనె తగ్గనీయకండి. గర్భగుడిలో దీపానికి నూనె పోసే చేతులు, పంక్తిలో కూర్చున్న పసివాని కంటిదీపానికీ పోయాలి. అదే నా దృష్టిలో నిజమైన స్నేహం.

స్వస్తి.