కంప్యూటరు చెడినా లెక్క చెడకూడదు

(పాల ఉత్పత్తిదారుల సంఘాల కార్యదర్శులు, సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము సహకార డిప్లొమా చదివి ఉద్యోగంలో చేరిననాడు సంఘమంటే ఒక బల్ల, నాలుగు రిజిస్టర్లు, గెర్బర్ పరీక్ష సామాను. ఈనాడు తూకం, వెన్న శాతం, ధర, బిల్లు అన్నీ కంప్యూటరే చూస్తున్నది. పని తేలికయింది, సంతోషమే. కాని రిజిస్టరు తడిస్తే ఆరబెట్టి చదువుకున్నాము. కంప్యూటరులోని లెక్కల దస్త్రం చెడితే ఏమి చేయవలెను? అందునా నకలు తీసి పెట్టుకోకపోతే? ఈ సంగతే నేడు మనవి చేస్తాము.

మా తనిఖీలో ఉన్న ఒక సంఘంలో జరిగినది చెబుతాము. ఊరి పేరు అనవసరం. పది రోజుల బిల్లులో ఎనిమిదవ రోజు సాయంత్రం పాలు పోస్తుండగా కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో పాడయింది. కరెంటు వచ్చిన తరువాత దస్త్రం తెరుచుకోలేదు. కార్యదర్శి నాలుగుసార్లు ఆపి, మళ్లీ పెట్టి చూశాడు. తరువాత తెలిసిన కుర్రవాడొకడు వచ్చి ‘రిపేర్’ మీట నొక్కాడు. దస్త్రం తెరుచుకున్నది. అందరూ సంతోషించారు. తీరా చూస్తే అయిదవ తేదీ నుంచి చాలామంది పద్దులు లేవు. మర్నాటికల్లా ఊళ్లో ఒకటే మాట: ‘కార్యదర్శి మింగాడు.’

మేము వెళ్లి మొదట అడిగినది ఒక్కటే. ‘రిపేర్ చేసేముందు ఆ దస్త్రాన్ని వేరే చోటికి నకలు తీశావా నాయనా?’ ఆ అబ్బాయి తల వంచుకున్నాడు.

ఎందుకు అడిగామంటే, కంప్యూటరు దస్త్రంలో పద్దులు ఒకచోట ఉంటాయి. ఏ పద్దు ఎక్కడున్నదో చెప్పే సూచిక మరొకచోట ఉంటుంది. కరెంటు పోయినప్పుడు సూచిక మాత్రమే చెడితే, పద్దులు క్షేమంగా ఉన్నట్లే. రిపేరు ఆ సూచికను తిరిగి కట్టుకుంటుంది. పద్దులున్న పుటే చెడితే మాత్రం రిపేరు దానిని తీసిపారవేసి మిగిలినది అతికిస్తుంది. పెద్ద లెక్కలకు వాడే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇటువంటి ఆజ్ఞకు ‘రిపేర్ అలౌ డేటా లాస్’ అనే పేరు పెట్టారు. కొంత పోయినా ఒప్పుకుంటేనే బాగుచేస్తానని దాని పేరే చెబుతున్నది. కాబట్టి చెడిన దస్త్రాన్ని ఉన్నది ఉన్నట్లుగా నకలు తీసి, అసలును ముట్టకుండా దాచి, ప్రయోగాలన్నీ నకలు మీదనే చేయవలెను. ఒక పద్ధతి ఫలించకపోతే మరొక నకలు మీద మరొకటి. అసలు మీదనే చేస్తే వెనక్కి పోయే దారి ఉండదు.

ఇంకొక జాగ్రత్త. దస్త్రం పొరపాటున చెరిగిపోతే ఆ కంప్యూటరులో వేరే పని చేయకూడదు. చెరిపిన దస్త్రం చాలాసార్లు వెంటనే మాయం కాదు, దాని చోట్లో కొత్తది వ్రాయబడితే మాత్రం పోతుంది. దానిని వెదికే ప్రోగ్రామును కూడా అదే డిస్కులో ఎక్కించరాదు. డిస్కు టకటకమని శబ్దం చేస్తూంటే ఆపివేసి, తెలిసినవారికి అప్పగించవలెను.

సరే, ఆ సంఘంలో అసలు చెడిపోయింది. ఇక దారి లేదా? ఉన్నది. పాలు ఒక్కచోటనే వ్రాయబడవు. సభ్యుని చేతిలో చీటీ ఉన్నది. కొందరి ఫోనులో సందేశమున్నది. పాలు పంపినప్పటి ట్రక్ షీటులో పూటవారీ మొత్తం ఉన్నది. ఊళ్లో విడిగా అమ్మిన పాల పుస్తకమున్నది. దాణా అప్పు పుస్తకం, బ్యాంకుకు పంపిన వెనుకటి చెల్లింపుల జాబితా, అచ్చు తీసిన పాత బిల్లులు ఉన్నవి. వాటాధనం, అప్పుల నిల్వలకు ఆడిట్ అయిన చివరి లెక్క ఉన్నది. అక్కడి నుంచి రశీదులు, వోచర్లు పట్టుకుని ముందుకు నడవవచ్చును.

దండోరా వేయించి చీటీలు తెప్పించాము. ఆ చీటీల కాగితం వేడికి అచ్చు పడేది. ఎండ తగిలితే అక్షరం మాసిపోతుంది. అందుచేత ముందు ఫొటోలు తీయించి తరువాత లెక్కకు కూర్చున్నాము.

అయిదవ తేదీ ఉదయం ట్రక్ షీటులో 412 లీటర్లు. ఊళ్లో అమ్మినవి 18. మొత్తం 430. ఆ పూట పోశామన్నవారు 84 మంది. 82 మంది చీటీలు, సందేశాలు కూడితే 417.5 లీటర్లు. మిగిలిన 12.5 లీటర్లు ఇద్దరివి. వారిలో ఒకరి చీటీలు చొక్కా జేబులో ఉండి ఉతుకులో పోయినవి. వెనుకటి బిల్లుల్లో ఒకరి సగటు 8 లీటర్లు, రెండవవారిది 4. కొలతలో అరలీటరు తేడా సహజమే. లెక్క సరిపోయింది.

వెన్న శాతం మాత్రం ఇలా తీసివేతతో తేలదు. 430 లీటర్ల మీద పరీక్షలో 0.1 శాతం తేడా వచ్చినా సుమారు 0.44 కిలోల వెన్న అటూ ఇటూ అవుతుంది. 12.5 లీటర్ల గేదె పాలలో 6.5 శాతం చొప్పున ఉండేదే సుమారు 0.84 కిలోలు. అంటే సగానికి సగం తప్పు రావచ్చును. కనుక ఆ ఇద్దరికీ వెనుకటి బిల్లు సగటు శాతమే వేశాము.

ఇక, చక్కగా కనిపిస్తున్న మొదటి నాలుగు రోజుల లెక్కనూ మేము నమ్మలేదు. ట్రక్ షీటుతో పోల్చితే మూడవ తేదీ సాయంత్రం 6 లీటర్లు తక్కువ. తెరమీద చూస్తే ఏ లోపమూ కనబడదు. అప్పుడొక పెద్దావిడ ఇంటి నుంచి చీటీలు గుచ్చిన తీగ పట్టుకుని వచ్చింది. ఏడాది చీటీలు వరుసగా ఉన్నవి. మూడవ తేదీ సాయంత్రం చీటీ చూస్తే సరిగ్గా 6 లీటర్లు. ‘మీ డబ్బా మరచిపోయింది గాని నా తీగ మరవలేదయ్యా’ అన్నది. భర్త లేని మనిషి, రెండు గేదెల మీద బ్రతుకు. ఆ పూట పైకమే కాదు, ఏడాది చివర బోనసు కూడా ఈ లెక్కమీదనే కదా!

తిరిగి కట్టిన పద్దులను మామూలు పద్దులలో కలిపివేయలేదు. ఏ ఆధారంతో వ్రాశామో ప్రక్కనే ఎర్రసిరాతో గుర్తు పెట్టించాము. జాబితా ఏడు రోజులు నోటీసు బోర్డులో ఉంచి, అభ్యంతరాలు విని, పాలకవర్గ తీర్మానం చేయించాము. బిల్లు తొమ్మిది రోజులు ఆలస్యమయింది. కార్యదర్శి మీది మచ్చ మాత్రం తొలగింది.

ఇక మా తప్పు మేమే చెప్పుకోవలెను. అంతకు ముందు సంవత్సరం ఆ సంఘాన్ని తనిఖీ చేసినది మేమే. తెరమీద లెక్క చూసి ‘రికార్డులు సక్రమము’ అని వ్రాశాము. నకలు ఉన్నదా అని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే కార్యదర్శి ఇంటివారు అన్ని రోజులు తలుపు మూసుకుని కూర్చునే గతి పట్టేది కాదు. 1964 చట్టం క్రింద నమోదయినా, 1995 చట్టం క్రింద నమోదయినా సంఘం లెక్క చూపి తీరవలసినదే. కంప్యూటరు చెడినదన్న జవాబు లెక్క కాదు.

కార్యదర్శులకు మా మనవి: ప్రతి సాయంత్రం నకలు తీయండి. రెండు పెన్ డ్రైవులు ఉంచి రోజు మార్చి రోజు వాడండి. ఒకటి సంఘం గదిలో కాక వేరొక ఇంట ఉండవలెను. నెలకొకసారి ఆ నకలును వేరే కంప్యూటరులో తెరచి చూడండి. తెరుచుకోని నకలు నకలే కాదు. పూట మొత్తం కాగితం మీద అచ్చు తీసి సంతకం చేయండి.

సభ్యులకు మా మనవి ఒక్కటే. చీటీ తీసుకోకుండా క్యాను ఎత్తకండి. తీసుకున్న చీటీ పారవేయకండి. బిల్లు చేతికి వచ్చి సరిచూసుకునేదాకా అది మీ పైకమే అనుకోండి. ఇంటి చూరుకు ఒక తీగ కట్టుకోవడానికి ఖర్చేమీ లేదు.

 సాయంత్రం పాలవేళ అవుతున్నది, సెలవు.