కాలువ చివరి మడి



క్రీ.శ. 1388లో ప్రతాప బుక్కరాయల ఆజ్ఞచే, పెన్నానీటిని పెనుకొండ సీమకు మళ్లించుటకై, జలసూత్రజ్ఞుడగు సింగాయభట్టు కల్లుడి నుండి సిరువెర చెరువునకు కాలువ త్రవ్వించెనని శాసనము చెప్పుచున్నది. 2016లో కృష్ణాజలములు హంద్రీ-నీవా మార్గమున గొల్లపల్లి జలాశయమును చేరినవి. నీరు తెచ్చుట ప్రభుత్వముల పని. పంచుకొనుట మన పని. 1997 నాటి చట్టము నీటి వినియోగదారుల సంఘముల నేర్పరచి ఆ బాధ్యతను రైతులకే ఒప్పగించినది.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో వానలు తక్కువ. తూము చెంతనున్నవాడు రాత్రివేళ గండి కొట్టినచో చివరి మడి యెండును. ఊరు రెండుగా చీలును. కావున పెద్దలైనవారు తమ మడిని కడపట తడుపుకొనవలయును. నాయకత్వమనగా నదియే. వంతుల పట్టికను ఈ గ్రంథాలయపు గోడపై నుంచుడు. చదువు వచ్చినవారు రానివారికి చదివి వినిపింపుడు. రజతోత్సవమునకు తగిన కానుక యిదియే.