టిఫిన్ సెంటర్ ఎక్కడ పెట్టాలి? అడ్వాన్స్ కట్టే ముందు ఈ లెక్క వేయండి

టిఫిన్ సెంటర్ పెడదాం అనుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే: "బ్రో, పోటీ లేని ఏరియా ఏదైనా చెప్పు." పోటీ లేని చోట చాలాసార్లు కస్టమర్ కూడా ఉండడండీ.

1929లోనే హెరాల్డ్ హోటెలింగ్ అనే ఎకనామిస్ట్, ఒకే వీధిలో ఇద్దరు వ్యాపారులు జరిగి జరిగి మధ్యలో పక్కపక్కకే ఎందుకు చేరతారో చూపించాడు. కానీ మనది చిన్న షాపు. పెద్ద హోటల్ పక్కన పెడితే ఏమవుతుంది?

దీనికి 1960ల్లో డేవిడ్ హఫ్ ఇచ్చిన మోడల్ ఉంది. షాపు సైజును దూరం స్క్వేర్‌తో భాగించాలి. సైజుకి సీట్లు, దూరానికి నడిచే నిమిషాలు వేద్దాం. (స్క్వేరే ఉండాలని రూలేం లేదు, ఏరియాని బట్టి మారుతుంది.)

ఒక హాస్టల్ తీసుకోండి. పాత హోటల్‌లో 40 సీట్లు, 4 నిమిషాల నడక. 40 బై 16, అంటే 2.5. మీవి 10 సీట్లు. ఆ హోటల్ పక్కనే పెడితే మీ స్కోర్ 0.625, వాటా 20 శాతం. 2 నిమిషాల దూరంలో పెడితే 2.5, అంటే సగం సగం. 1 నిమిషంలో అయితే స్కోర్ 10, వాటా 80 శాతం! సీట్లు అవే, ఇడ్లీ అదే.

ఇప్పుడు చుట్టుపక్కల ప్రతి హాస్టల్‌కీ ఇదే లెక్క వేసి, అక్కడుండే జనంతో గుణించి కూడండి. ఖాళీగా ఉన్న ప్రతి షట్టర్‌కీ రిపీట్ చేయండి. కోడింగ్ అక్కర్లేదు, ఎక్సెల్ చాలు.

ఇంకో వరస కూడా వేయండి: రేపు మీ ఎదురుగానే మూడోవాడు దిగితే? అప్పుడు కూడా అద్దె వెళ్తుంటేనే అడ్వాన్స్ కట్టండి.