నాడిలో దారి తప్పే విద్యుత్తు

హైదరాబాదు నుంచి సంగారెడ్డికి పోయే రహదారి మీద పటాన్‌చెరు సమీపిస్తున్నదని కళ్లు మూసుకొని కూర్చున్న ప్రయాణికునికి కూడా ముక్కు చెప్పిన రోజులు ఉన్నవి. ఈ చుట్టుప్రక్కల పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం కర్మాగారాలలో తయారైన మందు దినుసులు దేశదేశాలకు పోతున్నవి. మన ఇళ్లలో పెద్దవారు ప్రొద్దున్నే మంచినీళ్లతో మ్రింగే రక్తపు పోటు బిళ్ల పుట్టుక ఇటువంటి కర్మాగారాలలోనే.

బిళ్లకు ఒక స్వభావం ఉన్నది. అది ఊరిలో వేసే దండోరా వంటిది. కబురు ఒక్క ఇంటికే అయినా డప్పు చప్పుడు ఊరందరికీ వినిపిస్తుంది. కడుపులో కరిగిన మందు రక్తంలో కలిసి, పని ఉన్న చోటికీ పోతుంది, పని లేని చోటికీ పోతుంది. ఎనలాప్రిల్ వేసుకున్నవారిలో కొందరికి విడువని పొడి దగ్గు వస్తుంది. ఆమ్లోడిపిన్ వాడేవారిలో కొందరికి చీలమండలు వాస్తవి. మందు శరీరంతోనే ఆగదన్న సంగతి పటాన్‌చెరు వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. అది వేరొక ప్రసంగానికి విషయం.

ఒక్క ఇంటికే ఉత్తరం అందినట్లు, కావలసిన చోటికే చికిత్స అందించరాదా అన్న ఆలోచనతో వైద్యులు విద్యుత్తును ఆశ్రయించారు. నాడులలో నడిచే వార్తలు విద్యుత్ స్పందనలే కదా. కనుక నాడి చుట్టూ ఒక చిన్న పట్టీ తొడిగి, రొమ్ము చర్మం క్రింద గడియారమంత యంత్రం అమర్చి, స్వల్పమైన విద్యుత్తును పంపితే ఆ వార్తను మనమే పుట్టించవచ్చును. ఇందుకు ఎక్కువగా ఎన్నుకున్నది మెడలో దిగే వాగస్ నాడి. లాటిన్ భాషలో ఆ మాటకు సంచారి అని అర్థం. పేరుకు తగినట్లే అది మెదడు నుంచి బయలుదేరి గొంతు, గుండె, ఊపిరితిత్తులు, జీర్ణకోశం అన్నింటినీ పలకరించుకుంటూ పోతుంది.

మందులకు లొంగని మూర్ఛవ్యాధికి ఈ పద్ధతిని అమెరికా ప్రభుత్వం 1997లో అనుమతించినది. సరిగా మందులు వాడితే మూర్ఛరోగులలో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మిగిలినవారి సంగతి ఏమిటి? కర్మాగారంలో తిరిగే యంత్రం ముందు నిలబడి పనిచేసే కార్మికునికి నెలకు ఒక్కసారి మూర్ఛ వచ్చినా చేతికీ ప్రమాదం, కొలువుకూ ప్రమాదం. అటువంటి వానికి ఈ యంత్రం ఒక ఆశ. అయితే దాని ఖరీదు లక్షలలో ఉన్నది. బ్యాటరీ అయిపోయినప్పుడు మళ్లీ శస్త్రచికిత్స తప్పదు.

అంత ఖర్చుపెట్టి అమర్చుకున్నా విద్యుత్తు కూడా దారి తప్పుతుంది. వాగస్ నాడి ఒక్క తీగె కాదు, సుమారు లక్ష తంతువుల మోపు. పట్టీ నుంచి వచ్చిన ప్రవాహానికి ఏ తంతువు ఎవరిదో తెలియదు. పైగా ప్రకృతి ఇక్కడ ఒక చిక్కు పెట్టినది. లావైన తంతువులు కొద్ది విద్యుత్తుకే మేల్కొంటవి. సన్ననివి మేల్కొనవలెనంటే ప్రవాహం పెంచవలెను. గొంతు కండరాలకు పోయే తంతువులు లావైన జాతివి. అందువల్ల రోగికి మేలు చేసే మోతాదు రాకముందే గొంతు బొంగురుపోతుంది, దగ్గు వస్తుంది, ఊపిరి బిగిసినట్లు ఉంటుంది. సాధారణంగా యంత్రం అయిదు నిమిషాలకు ఒకసారి 30 సెకండ్ల పాటు పనిచేస్తుంది. పాఠం చెప్పే ఉపాధ్యాయునికి, వీధిలో కూరలమ్మే అమ్మకు, మాట మీద బ్రతికే మా వంటివారికి ఆ 30 సెకండ్లు తక్కువ కాదు. కొందరు మాట్లాడవలసి వచ్చినప్పుడు యంత్రం మీద ఒక అయస్కాంతం పెట్టి దానిని ఆపుకుంటారు. వైద్యం మాని మాట తెచ్చుకోవడమన్నమాట!

ఎన్నిక ఇక్కడ మొదటి నుంచీ కొంత ఉన్నది. యంత్రాన్ని ఎడమ వైపు నాడికే తగిలిస్తారు, ఎందుకంటే గుండె లయను నడిపే కేంద్రానికి కుడి నాడితోనే సంబంధం ఎక్కువ. కాని ఒకే నాడిలోని తంతువుల మధ్య ఎన్నిక కష్టమైన పని.

ఈ విషయంలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించినది జర్మనీలోని ఫ్రైబర్గు పరిశోధకులు ఎలుకల మీద చేసి 2014లో ప్రకటించిన ప్రయోగం. గుండె నుంచి వెడలే పెద్ద ధమని గోడలలో రక్తపు పోటును కనిపెట్టి మెదడుకు తెలిపే తంతువులు వాగస్‌లో ఉన్నవి. వాటిని తట్టితే పోటు హెచ్చినదని మెదడు భ్రమపడి, దానిని తగ్గిస్తుంది. అయితే నాడినంతటినీ తడితే గుండె మందగిస్తుంది, శ్వాస తగ్గుతుంది. అందుకని వారు పట్టీలో ఒకటి రెండు కాక అనేక ఎలక్ట్రోడులు చుట్టూ అమర్చి, ఒక్కొక్కదానిని పరీక్షించి, పోటు వార్తలు ఏ ప్రక్క నుంచి పోతున్నవో కనుగొన్నారు. రేడియో మర త్రిప్పుతూ స్టేషను పట్టినట్లే! ఆ ప్రక్కనే ప్రవాహం పంపగా పోటు బాగా దిగినది, గుండె వేగానికీ శ్వాసకూ పెద్ద భంగం కలుగలేదు.

ఇంకొక ఉపాయం ఉన్నది. ఒక ఎలక్ట్రోడు వార్తను పుట్టిస్తుండగా ప్రక్కది అడ్డుకట్ట వేస్తుంది. తగిన మోతాదులో లావైన తంతువులలో వార్త అక్కడ ఆగిపోయి, సన్ననివాటిలో ముందుకు సాగుతుంది. ప్రకృతి పెట్టిన చిక్కును తలక్రిందులు చేయడమే ఇది.

ఎలుకలో జరిగినది మనిషిలో జరుగునని చెప్పుట తొందరపాటు. మన వాగస్ నాడి ఎంతో లావైనది, లోపల అనేక చిన్న మోపులు, వాటి అమరిక మనిషికీ మనిషికీ వేరు. కనుక పోటు బిళ్ల మానివేసి విద్యుత్తు కోసం ఎదురుచూడవలెనని ఎవరూ తలచవద్దు. ప్రతి రోగికీ విడిగా వెతికి ఎన్నుకొనే పట్టీలు, వాటిని నడిపే సూక్ష్మయంత్రాలు కావలెను. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగినది, గుండె స్టెంటుల కర్మాగారం 2023లో ప్రారంభమైనది. కంది దగ్గర ఐఐటీలో వైద్య పరికరాల ఇంజనీరింగు బోధిస్తున్నారు. బిళ్లల సీమలో ఈ విద్యకు నేల సిద్ధంగానే ఉన్నదని నా అభిప్రాయం.

స్థలాన్ని ఎన్నుకోవడం కుదరనప్పుడు కాలాన్ని ఎన్నుకున్నవారు కూడా ఉన్నారు. కీళ్లవాతానికి అమెరికాలో 2025 జూలైలో అనుమతి పొందిన ఒక యంత్రం ఎడమ వాగస్ మీదనే కూర్చుంటుంది. అది రోజుకు ఒక్క నిమిషం మాత్రమే పనిచేసి, మిగిలిన కాలమంతా ఊరకుంటుంది.