ఎన్ని అడుగులకు ఏ గడప?

ఇవాళ సివిల్ ఇంజనీర్లుగా పట్టా పుచ్చుకుంటున్న మీకు ఒక సంగతి చెప్పాలి.

ఊరు చిన్నదైతే వరద పనీ చిన్నదే అనే ధోరణి మన శాఖల్లో పాతుకుపోయింది. నగరానికైతే మాస్టర్ ప్లాన్. చిన్న పట్టణానికి ఓ కట్ట, నాలుగు ఇసుక బస్తాలు. అందుకే భద్రాచలం సంగతి చెబుతాను.

అక్కడ గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వానాకాలంలో టీకొట్టు కబుర్లు కూడా అడుగుల్లోనే సాగుతాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులై 16న 71.3. ప్రవాహం 24 లక్షల క్యూసెక్కులు దాటింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. కరకట్ట నిలబడింది. అయినా లోతట్టు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి.

కట్ట ఉండగా ఎలా వస్తాయంటారా? ఊళ్లో పడ్డ వాన కట్ట కింది తూముల్లోంచే నదిలోకి పోవాలి. నది లేచినప్పుడు తూము తెరిచి ఉంచితే నదే ఊళ్లోకి ఎదురొస్తుంది కనుక షట్టర్ దించేస్తారు. దించగానే ఊరి వాన ఊళ్లోనే నిలిచిపోతుంది. ఇక మోటార్లు పెట్టి కట్ట అవతలికి తోడిపోయడమే. షట్టర్ అడుగున ఓ రాయో కొమ్మో ఇరుక్కుందా, ఇటు తోడుతుంటే అటు వస్తూనే ఉంటుంది. అంత కట్టా చివరికి ఒక రబ్బరు సీలు మీద, ఒక డీజిల్ మోటారు మీద, అర్ధరాత్రి వానలో షట్టర్ దించే లష్కర్ మీద ఆధారపడుతుంది. మన నివేదికల్లో కట్ట ఎత్తు సెంటీమీటర్లతో సహా ఉంటుంది. లష్కర్ ఫోన్ నంబరు మాత్రం ఉండదు.

ఎత్తొక్కటే చూసినా చాలదు. దిగువన కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. అదే సమయంలో శబరి కూడా పోటు మీదుంటే గోదావరి వెనక్కి తన్ని, తగ్గాల్సిన నీరు తగ్గదు. మట్టి కట్ట నానేది ఆ నిలిచిన రోజుల్లోనే. మట్టి గోడల ఇళ్లు చాలావరకు కూలేది నీరు తీశాకే. అప్పటికి విలేకరులు వెళ్లిపోయి ఉంటారు.

‘వందేళ్ల వరద’ అని మీరు పరీక్షలో రాసే ఉంటారు. వందేళ్లకోసారి వచ్చి పోయేదని జనం అనుకుంటారు. నిజానికి ఏటా నూటికి ఒక పాలు అవకాశం. ముప్పై ఏళ్లు లెక్క వేస్తే కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26 పాళ్లు. గృహరుణం తీరేలోపు ఇంత ముప్పుందని తెలిస్తే పల్లంలో ఎందరు స్థలం కొంటారు? కానీ కట్ట పడగానే ఆ పల్లానికే ధర పలుకుతుంది. వరద రావడం తగ్గినా, వచ్చినప్పుడు మునిగే ఇళ్లు పెరుగుతాయి. నన్నడిగితే, కట్ట అంచనాలోనే పల్లంలో ఇళ్ల మీద కట్టడిని కూడా రాయాలి.

మరి చిన్న ఊరికి ఏం చేయాలి? లెవెల్ యంత్రం, స్టాఫ్ కర్ర పట్టుకుని వీధుల్లోకి వెళ్లండి. ఏదో ఒక అరుగు మీద అవ్వ కూర్చుని ఉంటుంది. గోడ మీద మరక చూపించి "ఇక్కడి దాకా వచ్చింది నాయనా" అంటుంది. ఆ మరక మట్టం తీసుకోండి. అది నదిది కావచ్చు, కట్ట లోపల నిలిచిన వానదీ కావచ్చు. అడిగి విడివిడిగా రాయండి. గేజీ ఎన్ని అడుగులు చూపితే ఏ గడప తడుస్తుందో, ఏ ట్రాన్స్‌ఫార్మర్ మునుగుతుందో, ఆస్పత్రి జనరేటర్ ఏ ఎత్తున ఉందో ఒక్క కాగితం మీదికి తెండి. కరెంటు స్తంభాల మీద ఆ మట్టాల గీతలు రంగుతో వేయించండి. దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

మీలో కొందరు ఇరిగేషన్‌లోనో మున్సిపాలిటీలోనో చేరతారు. ఏప్రిల్‌లో షట్టర్ పూర్తిగా దించి చూడమని మీరంటే అక్కడివాళ్లు "ఎండాకాలంలో వరదేంటి సార్" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. తూములోకి దిగి, షట్టర్ అడుగున వెలుతురు కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే సీలు మార్చే ఎస్టిమేట్ ఆ వారమే పంపండి. జూన్ వచ్చాక కాంట్రాక్టర్ దొరకడు.